కృష్ణుడి మెడలో స్ప్రింగు హారం

మొన్న శనివారం సాయంత్రం సరిగ్గా నాలుగున్నరకి, కొత్తగా కొన్న వస్తువొకదాన్ని నా రెండు చేతులతో నేనే పాడుచేశాను. అదీ పసుపు కుంకుమలతో! చెబితే నవ్వుతారు. నవ్వండి, మా ఇంట్లో ఇప్పుడు అందరూ చేస్తున్న పని అదే.

మావారికి ఫోర్ వీల్ డ్రైవ్ జీపు ఒకటుంది. మా గ్రేటర్ నోయిడాలో చక్కటి రోడ్లుండగా, ఆదివారం వస్తే చాలు, రాళ్ళలోకీ గుంటల్లోకీ బళ్ళు తోలుకుపోయే గ్రూపులో ఈయనా ఒకరు. ఆ మర్నాడు, ఆదివారం, మొట్టమొదటిసారి మా అమ్మాయి హాసిని నడపాలి. వారం రోజులుగా పిల్లకి వేరే మాటే లేదు. తీరా శుక్రవారం చూస్తే, జీపు వెనక చక్రాల మధ్య గుమ్మడికాయలా ఉంటుందే, డిఫరెన్షియల్, అక్కణ్ణించి నూనె బొట్లు! గ్రూపు పెద్ద ఖన్నాగారిది ఒకటే రూలు. నూనె కారే బండిని ట్రాక్ మీదకి రానివ్వరు.

"ఆయిల్ సీల్ పోయింది, అంతే. రబ్బరు రింగు. నేనే మార్చేస్తా," అన్నారు మావారు, ఫోన్‌లో రెండు వీడియోలు చూసి.

శనివారం కొత్త సీల్ కొనుక్కొచ్చి టేబుల్ మీద పెట్టి, పాతది పీకడానికి జీపు కిందికి దూరారు. హాసిని టార్చ్ పట్టుకుంది.

మా ఇంట్లో కొత్తది ఏదొచ్చినా ముందు దేవుడి దగ్గరికి వెళ్ళాల్సిందే. మావయ్యగారి మొదటి స్కూటరుకి మా అత్తగారు బొట్టు పెట్టారు. మా పాత టీవీకి నేను పెట్టాను. దాని రిమోట్‌లో మ్యూట్ బటన్ ఇప్పటికీ ఎర్రగానే ఉంటుంది. మరి ఈ సీల్ చేసిన పాపమేమిటి? కవరు విప్పి పసుపు రాశాను. రాస్తుంటే లోపలి అంచు చుట్టూ ఉన్న సన్నటి స్ప్రింగు టక్కున ఊడి చేతిలోకొచ్చింది. వెండిలా తళతళలాడుతోంది! కొత్త చొక్కా కాలర్‌లో ఆకారం చెడకుండా ప్లాస్టిక్ ముక్క పెడతారు చూడండి, ఇదీ అలాంటిదే అనుకున్నాను. పారేయబుద్ధి కాలేదు. మా అమ్మమ్మ నాకిచ్చిన చిట్టి ఇత్తడి కృష్ణుడి తల మీంచి వేస్తే, అబ్బ, కొలత తీసి చేయించినట్టు గుండెల మీద కూర్చుంది!

సీల్‌ని పళ్ళెంలో పెట్టుకుని కిందికి తీసుకెళ్ళాను.

"రబ్బరుకి పసుపేంటే బాబూ!" జీపు కిందనుంచి మావారి గొంతు.

"శుభమండీ."

"మమ్మీ, యే పార్ట్ హై, పెళ్ళికూతురు నహీ," అంది హాసిని.

ఆ పసుపు తుడిచే హడావిడిలో లోపల ఏముందో, ఏం లేదో ఆయన చూసుకోలేదు. చెక్కముక్క అడ్డం పెట్టి ఠకఠకా కొట్టి బిగించారు. నూనె పోశారు. మా అపార్ట్‌మెంట్ల సొసైటీ చుట్టూ ఓ రౌండు కొట్టొచ్చారు. బండి కింద అట్టముక్క పరిచి ముగ్గురం వంగి చూస్తున్నాం. టప్! కాసేపాగి మళ్ళీ, టప్!

హాసిని ముఖం చిన్నబోయింది. "ఛోడో పాపా. నెక్స్ట్ టైమ్ సహీ," అంది వాళ్ళ నాన్నతో మెల్లగా.

"షాపువాడు డూప్లికేట్ అంటగట్టాడు!" అని మావారు మండిపడ్డారు.

"అవునండీ, ఈ రోజుల్లో ఎవర్నీ నమ్మేట్టు లేదు," అన్నాను. నేనే! ఈ నోటితోనే!

దీపం వేళయింది. హాసిని దిగాలుగా వచ్చి దేవుడి గదిలో నా పక్కన కూర్చుంది.

"మమ్మీ, కన్హా కా నయా హార్? సో క్యూట్! కహాఁ సే ఆయా?"

"నాన్న తెచ్చిన రింగులోదేనమ్మా. ఊడొచ్చింది."

చేతులు కడుక్కుంటున్న మావారు సబ్బు నురగతోనే వచ్చి గుమ్మంలో ఆగిపోయారు. కృష్ణుణ్ణి చూశారు. నన్ను చూశారు. మళ్ళీ కృష్ణుణ్ణి చూశారు.

"ఏమే, రబ్బరుని షాఫ్టుకి అదిమి పట్టుకునేదే ఆ స్ప్రింగు! అది లేకపోతే నూనె ఎలా ఆగుతుంది?"

"ఉత్తినే అలంకారానికి పెట్టారనుకున్నానండీ..."

"డిఫరెన్షియల్‌కి అలంకారమేంటే!"

ముందు హాసిని పకపకా నవ్వేసింది. దాన్ని చూసి ఆయనా ఆగలేకపోయారు. నేను మాత్రం చేతిలో గంట గట్టిగా వాయించేశాను.

హారం తీసిస్తానన్నాను. బిగించిన సీల్ మళ్ళీ పీకితే చిరిగిపోతుందట, ఇక స్ప్రింగు ఉన్నా లాభం లేదట. తండ్రీకూతుళ్ళు స్కూటీ మీద పరుగెత్తి, షట్టర్ దించుతున్న షాపువాణ్ణి బతిమాలి ఇంకో సీల్ తెచ్చారు. ఈసారి మావారే కవరు విప్పకుండా దేవుడికి దూరం నుంచి చూపించి, "దర్శనం అయిపోయింది," అంటూ కిందికి పట్టుకుపోయారు. భోజనాల వేళకి పని పూర్తయింది. అట్టముక్క మీద ఒక్క చుక్క లేదు!

ఆదివారం పొద్దున్నే ఖన్నాగారు మా గేటు దగ్గరికి వచ్చారు. హాసిని అప్పటికే స్టీరింగ్ పట్టుకుని కూర్చుంది. ఆయన టార్చ్ వేసి జీపు కిందికి వంగారు.

"అరే భాయ్‌సాబ్, యే తో అభీ భీ లీక్ కర్ రహీ హై!" అన్నారు. ఇంకా కారుతూనే ఉందట!

హాసిని చేతులు స్టీరింగ్ మీంచి జారిపోయాయి. మావారు గబగబా కింద కూలబడి, ఆ తడిని వేలితో తీసి వాసన చూశారు. నాలుక మీద పెట్టుకున్నారు. నెమ్మదిగా తల తిప్పి నా వైపు చూశారు.

"గాడీ ఠీక్ హై, ఖన్నాజీ. యే మేరీ బీవీ కీ భక్తి లీక్ హో రహీ హై." కారుతున్నది బండి కాదట, నా భక్తట!

నేను ఒక చేత్తో కొబ్బరి చిప్పలు కొంగు చాటున దాచుకుని, రెండో చేత్తో వాళ్ళకి టాటా చెప్పాను.