లాగ్‌లో నాలుగో వరుస

మా ఇంట్లో దిష్టి తీస్తామంటే లేచి బయటికి వెళ్లిపోయే మనిషిని నేను. ఆత్మలూ దెయ్యాలూ అంటే ఎప్పుడూ నమ్మకం లేదు. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

రాజమండ్రిలో ఓ చిన్న కంపెనీలో పని చేస్తాను. రొయ్యల చెరువుల్లో నీటికి గాలి పట్టించే ఏరేటర్లకు కంట్రోల్ బాక్సులు తయారుచేస్తాం. బాక్సులో ఉండే చిప్‌కు ప్రోగ్రామ్ రాయడం నా పని. ఆ పని నాకు నేర్పింది సత్యవతి గారు. నీళ్లలోకి కరెంటు లీకైతే మోటార్లను ఆపేసే ప్రోగ్రామ్ ఆవిడ రాసినదే. లీకేజీ ముప్పై మిల్లీయాంపులు దాటితే చాలు, అన్నీ ఆగిపోతాయి.

యానాం అవతల చెరువులు చేసే రాంబాబు గారికి అదే ఇబ్బందయింది. చినుకు పడితే బాక్సు ట్రిప్ అయి మోటార్లు ఆగిపోతున్నాయని, గాలి అందక రొయ్యలు తేలిపోతున్నాయని రెండుసార్లు ఆఫీసుకొచ్చారు. లిమిట్ పెంచమన్నారు. సత్యవతి గారు ఒప్పుకోలేదు.

"మోటారు ఆగితే రొయ్యలు పోతాయండి. ఆగకపోతే మనిషి పోతాడు. ముందు కేబుళ్లు మార్పించుకోండి," అన్నారు.

ఆ వేసవిలో ఆవిడ గుండెపోటుతో చనిపోయారు. వానలు మొదలవగానే రాంబాబు గారు మళ్లీ వచ్చారు. ఈసారి కాదనే మనిషి లేరు. ఓనరు గారు నా వైపు చూశారు. నేను సరేనన్నాను.

ఆవిడ ప్రోగ్రామ్ ఉన్న ప్రాజెక్టు ఫోల్డర్‌ను కాపీ చేసి పేరు మార్చాను. మా పనిలో ఇక్కడో చిక్కుంది. ప్రాజెక్టు కాపీ చేసినా ఒక్కోసారి లోపలి సెట్టింగులు పాత ఫోల్డర్‌నే చూపిస్తుంటాయి. మనం కొత్త ఫైల్లో మార్పులు చేసుకుంటూ పోతాం, చిప్‌లోకి మాత్రం పాతదే వెళుతుంది. అందుకే సెట్టింగులన్నీ ఒక్కొక్కటిగా సరిచూశాను. పాత ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లో దాచి కంప్యూటర్లోంచి తీసేశాను. ముప్పైని వంద చేశాను. అప్పుడే ప్యాకెట్ విప్పిన కొత్త బోర్డులోకి ఎక్కించి, బల్ల మీద మూడుసార్లు పరీక్షించాను. మూడుసార్లూ వంద దగ్గరే ట్రిప్ అయింది. వెళ్లి బాక్సు బిగించి వచ్చాను.

వారం తిరక్కుండా ఓ పొద్దున్న రాంబాబు గారు ఫోన్ చేశారు. ఆయన భార్య మంగ గారు మేత చల్లుతూ చెరువులోకి దిగారట. కేబుల్ తొడుగు చిరిగి ఉందట. ఒళ్లు జివ్వుమన్నంతలోనే మోటార్లన్నీ ఆగిపోయాయట.

"మీ బాక్సే కాపాడిందండీ మేస్టారూ," అన్నారు.

లీకేజీ వంద దాటితే గానీ ఆగని బాక్సు అది. వెంటనే బయల్దేరాను.

మా బాక్సు ట్రిప్ అయిన ప్రతిసారీ లాగ్‌లో ఓ వరుస రాసుకుంటుంది. ఎంత దగ్గర ఆగింది, అప్పుడు నడుస్తున్న ప్రోగ్రామ్ పేరేంటి అన్నవి అందులో ఉంటాయి. లాప్‌టాప్ తగిలించి చూశాను. మొదటి మూడు వరుసలు నా పరీక్షలవి. నూట ఒకటి, కొత్త పేరు. నాలుగో వరుసలో ముప్పై ఒకటి ఉంది. పక్కన సత్యవతి గారి ప్రాజెక్టు పేరు.

ఆ పేరు ఆ బోర్డులోకి ఎప్పుడూ ఎక్కలేదు. అక్కడే గట్టు మీద మళ్లీ పరీక్షించాను. వంద దగ్గర ఆగింది. ఐదో వరుసలో కొత్త పేరే పడింది. చిప్‌లోని ప్రోగ్రామంతా బయటికి తీసి వెతికాను. పాత పేరు ఎక్కడా లేదు.

మంగ గారు షెడ్డు ముందు మంచం మీద తువ్వాలు కప్పుకుని కూర్చున్నారు. దాచడం నా వల్ల కాలేదు. లిమిట్ నేనే పెంచానని, ఆ లెక్కన ముప్పై ఒకటికి బాక్సు ఆగకూడదని ఇద్దరికీ చెప్పేశాను.

రాంబాబు గారు చిరిగిన కేబుల్ వైపు చూశారు.

"అడిగింది నేనే కదండీ," అన్నారు.

మంగ గారు నా మొహంలోకి చూశారు.

"మరైతే ఎవరు ఆపారండీ?"

లిమిట్ మళ్లీ ముప్పైకి మార్చాను. ఆ సాయంత్రమే వాళ్లు కేబుళ్లన్నీ మార్పించారు.

తర్వాత ఎన్నో రోజులు ఆలోచించాను. మెమరీ చెడిపోతే లాగ్‌లో పిచ్చి అక్షరాలు పడాలి. సరైన పేరు, పక్కనే దానికి తగిన అంకె పడడం నేనెక్కడా చూడలేదు. తెలిసిన ఇంజనీర్లకు చూపించాను. అందరూ ఏదో కారణం చెప్పబోయి మధ్యలో ఆగిపోయారు.

అనుమానం ఉన్న బోర్డు చెరువు మీద ఉంచకూడదని, కొత్తది తీసుకుని మళ్లీ వెళ్లాను. రాంబాబు గారు సరేనన్నారు. మంగ గారు మాత్రం బాక్సు తలుపు మీద చెయ్యి పెట్టి, తెరవనివ్వలేదు. "నన్ను కాపాడింది ఈ బోర్డేనండీ," అన్నారు. తెచ్చిన బోర్డు తెచ్చినట్టే పట్టుకుని వచ్చేశాను.