చిన్నాయన తలకు ఎనిమిది పెన్నులు

మా మేనమామకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఆయనకుండిన జబ్బు అదొక్కటే. పేటలో పట్టు అంగడి. పంతొమ్మిదివందల అరవైల్లో ఆయన నోరు తెరిస్తే గిరాకీలు కూడా ఎదురు చెప్పేవాళ్ళు కాదు, బేరం పాడవుతుందని.

మా చిన్నాయనది కె.ఆర్.పురం ఫ్యాక్టరీలో మిషను పని. ఒకనాడు మిషను ముందర నిలబడినట్టే కళ్ళు మూతపడి ఒరిగినాడు. చెయ్యి మిషన్లో పడకుండా మిగిలింది గాని, "మూర్ఛరోగం లేదని ఆసుపత్రి కాగితం తెస్తేనే పని" అన్నారు ఫ్యాక్టరీవాళ్ళు. ఇంట్లో ఏడుపులు. చావింట్లో కూడా అంత శ్రద్ధగా ఏడ్వరు.

మామ తీర్పు చెప్పినాడు: "లెక్కలకు ఎడమ కణత, కోపానికి నడినెత్తి. నీకు నడినెత్తి వేడెక్కిండాదప్పా."

తలలో కరెంటు అలలు చూసే పరీక్షనాడు తలకు నూనె తగలకూడదని ఆసుపత్రివాళ్ళు రాసిచ్చిన చీటీ ఆయన జేబులోనే ఉంది. అయినా పొద్దున్నే, చలవకని, అరసోలెడు ఆముదం చిన్నాయన మాడుకు పట్టించినాడు.

పరీక్ష చేసే సిస్టరమ్మ గుంటూరామె. ఆమె చిన్నాయన తలకంటించిన తీగ ఒక్కటీ నిలవలేదు.

"ఎవరండీ ఈ తాలింపు పెట్టింది?"

మామ పైకప్పు చూసినాడు. నేను మామను చూపించినా.

మూడుసార్లు సబ్బుతో కడిగి మళ్ళా అంటించింది. చిన్నాయన కళ్ళు మూసుకుంటే కాగితం మీద ఆ తీగలకు తగిలించిన ఎనిమిది పెన్నులూ మెల్లగా అలలు గీసినాయి. "కళ్ళు తెరవండి. పదిహేడార్లు ఎంత?" అనంగానే అలలన్నీ ఒక్కసారే అణిగిపోయినాయి, నుదుటివీ, వెనకవీ.

"లెక్కకు ఎడమ కణత ఒక్కటే కదమ్మా మేలుకోవాల?" అన్నాడు మామ.

"అలలణిగితే మెలకువొచ్చినట్టు. మెలకువంటే తలంతా లేవాలండీ. వంతులేసుకుని లేవడానికి అదేమైనా మీ ఇల్లా?"

చిన్నాయన లెక్కకు జవాబు చెప్పకుండానే నిద్రపోయినాడు. ఈసారి పెన్నులన్నీ కలిసి కొండలంత అలలు గీసినాయి.

డాక్టరు కాగితాలు తిప్పి, "మూర్ఛ గుర్తు లేదు. ఎన్ని గంటలు పడుకుంటాడు?" అన్నాడు.

ఫ్యాక్టరీ నుంచి రాంగానే చిన్నాయన కూచునేది మగ్గం మీద. నేసేది మామ అంగడి చీరలు. పడుకునేది మూడు గంటలు.

"నాకేం తెలుసు సార్" అన్నాడు మామ.

నేను చెప్పినా. డాక్టరు మూర్ఛ లేదని రాసి, కింద "మగ్గం పని ఆపవలెను" అని కూడా రాసినాడు.

మరుసటి దినం చిన్నాయన కాగితమిచ్చి మిషను దగ్గరికి పోయినాడు. సాయంత్రం వచ్చి, తిని, పడుకున్నాడు. మగ్గం మీద సగం చీర. మామ రెండు దినాలు దాని చుట్టూ తిరిగి, మూడో దినం నిద్రపోని మనిషిని వెతుక్కుంటూ, నేతగాళ్ళుండే ఆనేకల్లుకు బస్సెక్కినాడు.