రుద్దకూడని కాలు

విన్‌ఫర్డ్ చివరిసారి సముద్రం మీదికి వెళ్లేముందు, చేపల పెట్టెలోంచి ఐసు ముక్కలు తీసి మూటగట్టి, కూతురు శర్నెట్ తొడ వెనక అదిమి కట్టాడు. స్కూలు పరుగుపందెం కోసం ఒళ్లు వేడెక్కకుండానే పరిగెత్తి, ఆ పిల్ల ముందురోజే కండరం చిట్లించుకుంది.

"నాన్నా, చేపల కంపు! పందెంలో పిల్లులు నా వెంటపడతాయి."

"పడనీ, ఇంకా జోరుగా పరిగెడతావు."

నానమ్మ బే రమ్ సీసాతో గుమ్మంలో నిలబడింది. ఆ జమైకా పల్లెలో ఎవరి కాలు పట్టేసినా ఆ ఘాటు సారా పోసి రుద్దేది ఆవిడే. విన్‌ఫర్డ్ చెయ్యి అడ్డం పెట్టి వద్దన్నాడు.

"కుంటోడివి, నువ్వా నాకు వైద్యం చెప్పేది?"

"కొత్త దెబ్బ రుద్దకూడదమ్మా," అని నవ్వి, కూతురి వైపు తిరిగాడు విన్‌ఫర్డ్. "నొప్పి పోయేదాకా మెల్లగా నడువు తల్లీ. తర్వాతే పరుగు."

ఆ సాయంత్రం ఖాళీ పడవ ఒక్కటే ఒడ్డుకు కొట్టుకొచ్చింది.

శర్నెట్ ఆయన చెప్పినట్టే నడిచింది. కాలు నయమైంది. పందెంలో గీత దాటాక, ఎప్పుడూ తండ్రి నిలబడే కంచె వైపు చూసి కూలబడి ఏడ్చింది.

తండ్రి చిన్ననాటి స్నేహితుడు ఎగ్బర్ట్ వచ్చి లేవదీశాడు.

"మీ నాన్న ఇంతకంటే జోరుగా పరిగెత్తేవాడమ్మా."

"నాన్నా? పడవ తగిలి కుంటివాడయ్యాడుగా?"

"అది మీ నానమ్మకి చెప్పిన మాట. నీలాగే వాడికీ కండరం చిట్లితే ఆవిడ ప్రేమకొద్దీ రాత్రంతా రుద్దింది. లోపల ఇంకా చెడిపోయింది. వీడేమో తగ్గిపోయిందమ్మా అని చెప్పి, నొప్పి దిగమింగుకుని నడిచాడు. తర్వాత కుంటుతుంటే నెపం పడవ మీదికి తోసేశాడు."