నాలుగు జాకీలు, ఒక గంట

నల్లరేగడి నేల మీద పుట్టి పెరిగిన మాకు ఆ రోజుల్లో తిన్నగా నిలబడ్డ గోడ అంటే పెద్దగా నమ్మకం ఉండేది కాదు. వానాకాలంలో నేల పొంగి అన్నిటినీ పైకి నెట్టేది. ఎండాకాలంలో చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చి అన్నిటినీ కిందికి లాక్కునేది. ఏ తలుపూ రెండు కాలాల పాటు ఒకేలా పడేది కాదు. ఇప్పుడు పునాది తవ్వే ముందు మట్టిని పరీక్ష చేయించుకునేవాళ్ళని చూస్తే ముచ్చటేస్తుంది. మేము పునాది సంగతి అది కుంగాక ఆలోచించేవాళ్ళం. అలా ఆలోచించిన ఒక రోజు గురించే ఇదంతా. ఆ రోజు ఏం జరిగిందో నాకు అప్పుడూ పూర్తిగా అర్థం కాలేదు, ఇప్పుడూ కాలేదు. భగవంతుడి దయ వల్ల చివరికి మంచే జరిగింది కాబట్టి ధైర్యం చేసి రాస్తున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. మా ఇంటి వెనక, మిరపకాయలు ఎండబోసే కల్లం పక్కన ఒక పాత రేకుల షెడ్డు ఉండేది. నాలుగు మూలలా టేకు స్తంభాలు, వాటి మీద తాటి దూలాలు, చుట్టూ తడికలు, తూర్పున ఒక చెక్క తలుపు. స్తంభాల కాళ్ళు చెదలు తినేసి, వాటి కింది రాళ్ళు మట్టిలోకి దిగిపోయి, నైరుతి మూల బాగా కుంగింది. దాంతో షెడ్డు మొత్తం, పప్పన్నం తిని అరుగు మీద చేరగిలబడ్డ పెద్దమనిషిలా ఆ వైపుకి ఒరిగిపోయింది. తలుపు బిగుసుకుపోయి ఏళ్ళయింది. లోపలికి వెళ్ళాలంటే పక్కన తడిక విప్పి దూరేవాళ్ళం (మా అమ్మ మాత్రం తలుపుకి పండగ పండగకీ పసుపు రాసి బొట్టు పెట్టేది. తెరుచుకోకపోయినా తలుపు తలుపేగా అనేది).

ఆ ఏడు కోల్డ్ స్టోరేజీలో చోటు దొరకలేదు. కాయలన్నీ కల్లంలోనే ఉన్నాయి. ఒక ఉదయం రేడియోలో అకాల వర్షాలని చెప్పారు. ఎండిన కాయ తడిసిందంటే ఎరుపు చచ్చి తెల్లగా పాలిపోతుంది. తాలు అని పక్కన పారేస్తారు. ఏడాది కష్టమంతా తాలు కాకుండా ఉండాలంటే ఆ షెడ్డు సాయంత్రంలోగా నిలబడాలి. అది నిలబడుతుందో, మా నెత్తిన పడుతుందో ఎవరికీ తెలియదు.

అద్దంకిలో లారీలు బాగుచేసే ఒకాయన్ని నాన్న పిలిపించారు. ఆయన నాలుగు జాకీలు ఆటోలో వేసుకొచ్చాడు కాబట్టి మాకు జాకీల మేస్త్రి అయ్యాడు. వచ్చి షెడ్డు చుట్టూ తిరిగి, తల గోక్కుని, "లారీ అయితే చక్రం పక్కన పెట్టి లేపుతామండీ. దీనికి చక్రం ఏదండీ?" అన్నాడు. నాన్న మొహం చూడాలి అప్పుడు! ఇంతలో మా బాబాయి పుల్ల తీసుకుని నేల మీద గీతలు గీయడం మొదలుపెట్టాడు. ఆయన ఏ పనికైనా ముందు ప్లాను గీస్తాడు. పని అయ్యేసరికి ఆ ప్లాను ఎవరో ఒకరి కాళ్ళ కింద చెరిగిపోయి ఉంటుంది.

"అన్నయ్యా, నైరుతి మూల మిగతావాటికంటే బెత్తెడు ఎత్తు ఉండాలి. సిద్ధాంతి గారు మరీ మరీ చెప్పారు. మనకి కలిసిరాకపోవడానికి కారణం ఆ మూల కుంగడమే!"

"ముందు దాన్ని నిలబడనియ్యరా! అన్ని మూలలూ సమానంగా లేపితే చాలు. వాస్తు తర్వాత చూద్దాం."

"తర్వాత లేపడానికి మళ్ళీ జాకీలు ఎవరు తెస్తారు?"

నాన్న కండువా దులుపుకున్నారు. మొత్తానికి దాచేపల్లి నాపరాళ్ళు పరిచి, వాటి మీద దిమ్మలు, దిమ్మల మీద జాకీలు, జాకీల మీద నిలబెట్టిన దుంగలు దూలాలకి ఆనేలా సర్దారు. నైరుతిలో మేస్త్రి, వాయవ్యంలో పక్కింటి మామయ్య, ఈశాన్యంలో నాన్న, ఆగ్నేయంలో బాబాయి. కుంగిన మూలని ముందు మిగతావాటితో సమానం చేసి, అక్కడి నుంచి నలుగురూ ఒక్కో తిప్పు చొప్పున కలిసి లేపాలని, పైకి లేచాక స్తంభాల కింద కొత్త రాళ్ళు పేర్చాలని ఒప్పందం. మొదటిది బాగానే జరిగింది. రెండోదానికి వచ్చేసరికి బాబాయి "ఎత్తండి" అంటే నాన్న "ఆగండి" అంటారు. వెనక నుంచి మామయ్య "ఎవర్ని బావా ఆగమంటున్నావ్, నన్నా ఆయన్నా? నేనింకా మొదలే పెట్టలా!" అని అరుస్తాడు. మధ్యలో షెడ్డు కిర్రుమని మూలిగింది. అందరూ జాకీలు వదిలేసి కల్లంలోకి పరుగెత్తారు.

అప్పుడు నేను నోరు తెరిచాను. నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. తాతయ్య పక్కన పీట వేసుకుని అక్షరాలు, లెక్కలు, స్తోత్రాలు, దిక్కులు, మూలలు నేర్చుకున్నాను. ఎనిమిది దిక్కులూ నిద్రలో లేపి అడిగినా చెప్పగలను గానీ జాకీ ఎటు తిప్పితే పైకి వెళుతుందో మాత్రం తెలియదు. నాకు తెలిసిన లోకంలో అందరూ ఒక్కసారి తలెత్తేది దేవుడి గంటకే. "గంట కొడతాను. ఒక్కసారి మోగితే ఒక్క తిప్పు. తిప్పినవాళ్ళు 'అయిందీ' అనాలి. నాలుగు అయిందీలు వినపడ్డాకే మళ్ళీ కొడతాను" అన్నాను. పదిహేడేళ్ళ పిల్ల మాటకి పెద్దవాళ్ళు తలూపడం అదే మొదటిసారి. నాకు గర్వం కన్నా భయమే ఎక్కువేసింది.

నాయనమ్మ ఒప్పుకోలేదు. "దేవుడి గంటేమిటే, షెడ్డు ఎత్తడానికి! రేపు గేదె పాలు పితికేటప్పుడూ వాయిస్తావా?"

"కాయలన్నీ ఆరుబయట ఉన్నాయి నాయనమ్మా. దేవుడికి మాత్రం దయ ఉండదా?"

"ఉంటుంది. అందుకే లేచిన షెడ్డుకి నేను హారతిస్తాను. ఎవరూ అడ్డం రాకూడదు" అని గంట నా చేతిలో పెట్టింది. హారతి మాట ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకోవలసింది.

గంట మోగింది. మూల మూల నుంచీ ఒక్కొక్కటిగా "అయిందీ... అయిందీ..." అని వచ్చాయి. మళ్ళీ మోగింది. ఎంత హాయిగా సాగిందంటే, ఏళ్ళ తరబడి ఒరిగి ఉన్న ఆ షెడ్డు పెళ్ళిపీటల మీది పెళ్ళికూతురిలా మెల్లగా తల ఎత్తసాగింది. స్తంభాల కాళ్ళు నేల వదిలాయి. నేను కళ్ళనీళ్ళతో స్వామికి దండం పెట్టుకుంటున్నాను. సరిగ్గా అప్పుడు పడమర ఉరిమింది.

ఉరుము వినగానే నాయనమ్మ పళ్ళెంలో కర్పూరం వెలిగించుకుని వచ్చేసింది. తూర్పు తలుపు ఎదుట నిలబడి, నా చేతిలో గంట లాక్కుని, హారతి తిప్పుతూ గణగణా మోగించడం మొదలుపెట్టింది.

ముందు వైపున్న నాన్న, బాబాయి హారతి చూశారు. జాకీ రాడ్లు వదిలేసి, కళ్ళు మూసుకుని చేతులు జోడించారు. వెనక వైపున్న ఇద్దరికీ తడికల మూలంగా హారతి కనపడదు. గంట మాత్రం వినపడుతుంది. ఒక్క మోతకి ఒక్క తిప్పు కదా! వాళ్ళు తిప్పుతున్నారు. గంట ఆగదు. వాళ్ళూ ఆగరు. "అయిందీ, అయిందీ, అయిందీ" అని మేస్త్రి ఆయాసపడుతున్నాడు. "అమ్మాయిగారూ, కాస్త నిదానం! చేతులు పడిపోతన్నాయండీ!"

నాకు ఏం చెయ్యాలో తోచలేదు. ఇటు చూస్తే భక్తి, అటు చూస్తే జాకీ. ఆపండి అని అరుద్దామంటే హారతి మధ్యలో ఆపమనడం పాపమని తాతయ్య చెప్పారు. ఆపకపోతే షెడ్డు కూలుతుందేమో, అది ఏ పాపం కిందికి వస్తుందో తాతయ్య చెప్పలేదు. గట్టిగా నోరు తెరిచాను. వచ్చింది "నారాయణా" అనే మాట.

"బావా, మీ వైపు కూడా ఇంతేనా?" అని మామయ్య కేక. నాన్న కళ్ళు తెరవకుండానే "ఊఁ" అన్నారు (దేవుడితో అన్నారో, మామయ్యతో అన్నారో ఆయనకే తెలియాలి). మామయ్య మళ్ళీ తిప్పాడు.

అంతలో ఫెళ్ళుమని చప్పుడు. ఏళ్ళ తరబడి బిగుసుకుపోయిన తలుపు దానంతట అదే బార్లా తెరుచుకుంది, సరిగ్గా హారతి ఎదుట. నాయనమ్మ గంట ఆపి, "తెరిచావా నాయనా!" అని అక్కడే కూలబడి సాష్టాంగపడింది. వెనకవాళ్ళిద్దరూ చెమటలు కక్కుతూ ముందుకి వచ్చారు. నలుగురూ షెడ్డుని చూశారు. పొద్దున నైరుతికి ఒరిగినది ఇప్పుడు, మేస్త్రి మూల అన్నిటికన్నా పైకి లేచి, ఈశాన్యానికి వంగి నమస్కారం పెడుతోంది.

"మలుపు తిరిగే లారీలా ఉందండీ" అన్నాడు మేస్త్రి నెమ్మదిగా.

"దించండి! ముందు వెనక వైపు దించండి!" అన్నారు నాన్న. ఆయన మాట పూర్తయ్యేలోపే నా మోచేతి మీద ఒక చినుకు పడింది. ఇక దించడమా, సరిచెయ్యడమా! ఎంత ఎత్తులో ఉన్న స్తంభానికి అంత ఎత్తున నాపరాళ్ళు పేర్చి, సందుల్లో చెక్కలు దిగ్గొట్టి, జాకీలు వదిలారు. షెడ్డు ఒక్కసారి ఒళ్ళు విరుచుకున్నట్టు కదిలి నిలబడిపోయింది. మేము గుడ్డలు ముక్కులకి కట్టుకుని, దగ్గుతూ తుమ్ముతూ కాయలన్నీ తెరిచిన తలుపులోంచి లోపలికి మోశాం. ఆఖరి బస్తా గడప దాటాక వాన దబదబా కురిసింది. రేకుల మీది నీళ్ళన్నీ ఈశాన్యం మూల నుంచి ధారగా కిందికి పోయాయి. ఒక్క కాయ తడవలేదు.

వాన వెలిశాక బాబాయి ఒక చెక్కని దూలాల మీద ఐమూలగా వేసి, దిష్టికి తెచ్చిన నిమ్మకాయ దాని మీద పెట్టాడు. అది నైరుతి నుంచి ఈశాన్యానికి ఎవరో పిలిచినట్టు దొర్లుకుంటూ వెళ్ళింది. "చెప్పానా అన్నయ్యా! సిద్ధాంతి గారన్నట్టే అయింది!"

"నువ్వు చెప్పావని జరగలేదురా. జరిగాక నీ లెక్కలో వేసుకుంటున్నావు" అన్నారు నాన్న. అని, కాయల బస్తా మీద చెయ్యి వేసుకుని కూర్చున్నారు.

తర్వాత రాళ్ళ చుట్టూ సిమెంటు పోశారు గానీ ఆ వంపుని ఎవరూ సరిచెయ్యలేదు. నాయనమ్మ సరిచెయ్యనివ్వలేదు. స్వామి స్వయంగా పెట్టిన వంపట. అది మేస్త్రి చేతి బలమో, మామయ్య పొరపాటో, స్వామి దయో నేను తేల్చుకోలేకపోయాను. మూడింటికీ కలిపి కృతజ్ఞత చెప్పుకోవడం అలవాటు చేసుకున్నాను.

పెళ్ళయి చీరాల వచ్చేటప్పుడు నాయనమ్మ ఆ గంట నా పెట్టెలో పెట్టింది. ఇప్పుడు నాయనమ్మ లేదు, మామయ్య లేడు. సాయంత్రం హారతివ్వబోతూ గంట ఒక్కసారి మోగించగానే నా చెయ్యి ఇప్పటికీ దానంతట అదే ఆగిపోతుంది. నాలుగు మూలల నుంచీ "అయిందీ" అని వినపడాలని ఎదురుచూస్తుంది కాబోలు. మా వారు వంటింట్లోంచి "ఏమైంది, గంట ఆగింది?" అంటారు. ఏమీ లేదని నవ్వుకుని మళ్ళీ మోగిస్తాను. ఎక్కడ ఏ మూల లేస్తోందో, ఏ తలుపు తెరుచుకుంటుందో ఆ పదిహేడేళ్ళ పిల్లకి లాగే నాకూ ఇంకా తెలియదు.