ఆంటీ పళ్ళూ, మా పప్పులో ఉప్పూ

మంగళవారం పొద్దున పుంగ్గోల్ స్టేషన్‌లో ఆఫీసు ట్రైను కోసం నిలబడి ఉంటే ఫోన్ మోగింది. "అమ్మ పోయింది అన్నయ్యా" అంది ఆంటీ కూతురు. ఎనభై దాటిన మనిషి, రెండు నెలలుగా మంచం మీదే ఉన్నారు. ఎదురుచూస్తున్న కబురే. అయినా మూడు ట్రైన్లు వెళ్ళిపోయేదాకా నేను బెంచీ మీద కూర్చుండిపోయాను.

కంప్యూటర్ తెలిస్తే చాలు, విమానం ఎక్కించేస్తున్న రోజుల్లో సింగపూర్ వచ్చినవాణ్ణి నేను. బూన్ లేలో ఒక ఫ్లాట్‌లో నలుగురం ఉండేవాళ్ళం. నలుగురికీ ప్రోగ్రాములు రాయడం వచ్చు, అన్నం వార్చడం రాదు. పై అంతస్తులో ఆంటీ ఉండేవారు. శ్రీకాకుళం వైపు నుంచి పెళ్ళై వచ్చి అప్పటికే ముప్ఫై ఏళ్ళయింది. లిఫ్టులో మా మొహాలు చూసి మొదటి రోజే "మకాన్ అయిందేటి నాయనా?" అని అడిగారు. మకాన్ అంటే మలయ్ భాషలో తిండి. మర్నాటి నుంచి మాకు పైనుంచి క్యారియర్ దిగడం మొదలైంది.

ఆవిడ రుచి చూసే పద్ధతి వేరు. గరిటెతో ఒక్క చుక్క అరచేతిలో వేసుకుని, కళ్ళు మూసుకుని నాలిక్కి రాసుకునేవారు. చెంచా అందిస్తే విసుక్కునేవారు. "సెంచాకి దాని రుచి దానికుంటాది, నాకెందుకది" అనేవారు.

ఇంతలో చిగుళ్ళ జబ్బుతో ఆవిడ పై పళ్ళన్నీ తీసేయాల్సి వచ్చింది. కట్టుడు పళ్ళు పెట్టారు. వాటి ప్లేటు అంగిలి మొత్తాన్ని కప్పేసేది. ఆ వారం నుంచే పప్పులో ఉప్పు పెరిగిపోయింది. మేం నలుగురం చేసిన ఘనకార్యం ఏమిటంటే, నోరు మూసుకోవడం. "ఎలగుంది?" అని అడిగితే "సూపర్ ఆంటీ" అనేవాళ్ళం. నీళ్ళు కలుపుకుని తినేవాళ్ళం, తినలేనిది పారబోసేవాళ్ళం. అదేదో మంచితనం అనుకున్నాం గానీ వట్టి పిరికితనం.

ఒక ఆదివారం ఖాళీ క్యారియర్ కోసం వచ్చిన ఆంటీ మా సింకులో పప్పు చూశారు. కోప్పడితే బాగుండేది. నెమ్మదిగా అడిగారు.

"ఎన్నాళ్ళ నుంచి?"

నేను కుళాయి తిప్పబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

"నా నోరు సెప్పడం మానేసింది. మీరైనా సెప్పాలి కదేటి? మీ నోళ్ళని నమ్ముకునే కదా వండుతన్నాను."

ఆ మర్నాడు క్యారియర్ రాలేదు. ఆ తర్వాతా రాలేదు. ఇంట్లోనూ వంట మానేసినట్టున్నారు. ఆంటీ వాళ్ళాయన, మా అంకుల్, షిప్‌యార్డు నుంచి వస్తూ హాకర్ సెంటర్ తిండి కొట్లలో పొట్లాలు కట్టించుకొస్తుంటే లిఫ్టులో ఎదురుపడి తల దించుకునేవాణ్ణి.

కొన్నాళ్ళకు ఇంప్లాంట్ల సంగతి చెప్పింది ఆవిడ కూతురే. ఎముకలోకి స్క్రూలు దింపి, అవి అతుక్కున్నాక వాటి మీద పళ్ళు బిగిస్తారు. అంగిలి మీద ప్లేటు ఉండదు. డాక్టరు ఇంగ్లీషు తెలుగులో చెప్పడానికి నేను తోడు వెళ్ళాను. స్క్రూలు దింపాక ఆయన మెత్తటి తిండే తినాలన్నాడు. "మెత్తటి అన్నం తినొచ్చట ఆంటీ" అని చెప్పి నా పని అయిపోయిందనుకున్నాను.

ఆవిడ మెత్తగా పెరుగన్నమే కలుపుకున్నారు. పక్కన మా అమ్మ పంపిన ఆవకాయ. ముక్క కొరక్కుండా, టెంక నమలకుండా ఆవకాయ తినడం ఆవిడకు చేతకాదు. ఆ జాడీ ఇచ్చింది కూడా నేనే.

ఒక స్క్రూ కదిలిపోయింది. ఏం తిన్నారని డాక్టరు అడిగితే "రైస్" అన్నారు ధీమాగా. ఆయన నా వైపు చూశాడు. టెంక సంగతి నేనే విప్పి చెప్పాల్సి వచ్చింది. "గింజ పెంకు కూడా తింటారా ఆంటీ? కెనాట్ లా!" అని, అస్సలు కుదరదన్నట్టు, ఆ చైనీసాయన నెత్తి పట్టుకున్నాడు. ఆ స్క్రూ తీసేసి, ఎముక మానాక మళ్ళీ మొదలుపెట్టాలన్నాడు. తిరిగి వస్తుంటే బస్సులో క్షమించమని అడగబోయాను. "నీదేటుంది, ఊరగాయ బాగుంది" అన్నారు కిటికీలోంచి చూస్తూ.

ఏడాది తిరిగేసరికి పళ్ళు బిగించారు. ఆ వారమే మా నలుగురినీ పైకి పిలిచారు. పప్పు చుక్క అరచేతిలో వేసుకుని, కళ్ళు మూసుకుని నాలిక్కి రాసుకున్నారు. "సరిపోయింది ఆంటీ" అన్నాను నేను, వడ్డించగానే ఒక ముద్ద తిని. ఈసారి నిజమే చెప్పాను. ఆవిడ నా వైపు చూడలేదు. "ఔను, సరిపోయింది" అని తనలో తను అనుకున్నారు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆ తర్వాత ఎన్ని ఏళ్ళు ఆవిడ చేతి వంట తిన్నానో. పిలిచి పెట్టేవారు, కొసరి కొసరి వడ్డించేవారు. ఎలా ఉందని మాత్రం మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. ప్రతిసారీ అడుగుతారేమోనని చూసేవాణ్ణి.

పోయిన నెల పాసిర్ రిస్‌లో కూతురింట్లో ఆవిడను చూడ్డానికి వెళ్ళాను. నేనే వండి తీసుకెళ్ళిన పప్పన్నం చిన్న ముద్ద చేసి నోట్లో పెట్టాను. ఆవిడ కళ్ళు మూసుకుని మెల్లగా నమిలారు.

"ఎలా ఉంది ఆంటీ?"

"ఉప్పెక్కువైపోనాది నాయనా" అన్నారు. అని, ఇంకో ముద్ద కోసం నోరు తెరిచారు.