కారని కుండ

మా విజయవాడ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే రోజుల్లో నా బతుకంతా ఒక కారే కుండ చుట్టూ తిరిగింది. మెట్లకింది గదిలో, రెండు సీసాల ద్రావణాల్లో కరెంటు దాచాలని నా తాపత్రయం. ఒకదాంట్లో ఇనుప లవణం, ఇంకోదాంట్లో క్రోమియం లవణం. ఒకటి మట్టికుండలో, రెండోది కుండ బయట, రబ్బరు గొట్టాల్లోంచి వచ్చి పారుతుంటాయి. ఆ మట్టిగోడ కరెంటును పోనివ్వాలి, ద్రావణాలను మాత్రం కలవనివ్వకూడదు. అవేమో తెల్లారేసరికి కలిసిపోయేవి, దాచిందంతా పోయేది. రోజూ అన్నం ముందు కూర్చుని "కుండ కారి నా కొంప ముంచుతోందమ్మా" అని ఏడ్చేదాన్ని.

ప్రిన్సిపాల్ గారికి విసుగొచ్చింది.

"ఇబ్రహీంపట్నంలో అంత పెద్ద కరెంటు ఫ్యాక్టరీ కడతుంటే ఈ సీసాలెందుకు మేడం? సోమవారం వచ్చి చూస్తా. బల్బు వెలక్కపోతే గది టైపు క్లాసుకిచ్చేస్తానండీ."

ఈసారి రెండు వైపులా రెండు లవణాలూ కలిపేశాను. ఛార్జి పెడితే ఒక వైపు ఇనుము, ఇంకో వైపు క్రోమియం మాత్రమే మారతాయి; ముందే కలిసి ఉంటే ఇక కాస్త కారి కలిసినా పెద్ద నష్టం లేదు కదా! అంత తేలికైన సంగతి అన్నాళ్లూ తట్టనందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. శనివారం పాత కుండ పగిలితే కొత్తది కొని ఇంటికి తెచ్చాను. ఆదివారం అమ్మ గుణదల కొండెక్కి చర్చిలో నా పేరున కొవ్వొత్తి వెలిగించి వచ్చింది.

సోమవారం పొద్దున్నుంచి ఛార్జి పెట్టినా మీటరు ముల్లు లేవలేదు. తీగలన్నీ విప్పి మళ్లీ కట్టాను. కుండ మీద అనుమానమే రాలేదు. ప్రిన్సిపాల్ గారు వచ్చేసరికి బల్బు అలాగే ఉంది.

"ఇంకొక్క కుండ తెస్తానండీ..."

"ఎన్ని కుండలు మేడం?" అంటూ తాళంచెవి కోసం చెయ్యి చాపారు. ఇచ్చేశాను.

సామాను సర్దుతూ కుండ లోపల గోరుతో గీకితే తెల్లటి పొర ఊడింది. గంజి! మా ఇళ్లల్లో కొత్త కుండను గంజి పట్టించకుండా వాడరు, కారుతుందని. మట్టిలో సందులన్నీ పూడిపోయాయి. ఇక కరెంటు ఎక్కడినుంచి పోతుంది? నా మిశ్రమం పనిచేసేదో లేదో ఈనాటికీ నాకు తెలియదు. ఆ గదితోపాటే నాలో ఏదో చచ్చిపోయింది.

ఇంటికెళ్లేసరికి అమ్మ గుమ్మంలోనే ఉంది.

"ఇయ్యాల కారలేదుగా? నీకు చెప్తే వద్దంటావని, చిక్కటి గంజి పోసి నానబెట్టా."

ఆ మొహంలోకి చూడలేక చెప్పులు విప్పుకుంటూ తల వంచాను.

"లేదమ్మా. ఒక్క చుక్క కూడా కారలేదు."