దుక్మ్ మీదుగా చైనాకు

జనం ఒకరితో ఒకరు కబుర్లాడుకునే యాప్ మా కంపెనీది. ఎంత మొత్తుకున్నా చైనాలో అనుమతి దొరకలేదు. అయితే చైనావాళ్ళే ఒమాన్‌లోని దుక్మ్ రేవుకు వచ్చి కట్టడాలు కడుతున్నారు కదా, ముందు వాళ్ళని చేర్చుకుంటే వాళ్ళ వెనకే దేశమంతా వస్తుందని మస్కట్‌లో ఖురం పేట ఆఫీసులో ఉండే మా మేనేజరుకి తోచింది. కొండకు వెంట్రుక కట్టి లాగడమన్నమాట. వస్తే కొండ, పోతే వెంట్రుక. ఆ వెంట్రుక నేనే. ఒక్కడైనా చేరకపోతే నా వీసా పొడిగించడం కష్టమని కూడా ఆయన ఎంతో మృదువుగా చెప్పాడు.

ఉదయం ఏడింటికి మస్కట్‌లో బస్సెక్కాను. ఈ దారిన వెళ్ళేవారు టిక్కెట్టు ముందురోజే తీసుకోండి, దుప్పటి మరవకండి. బయట నిప్పులు చెరిగే ఎండ, లోపల ఏసీకి నా పళ్ళు టకటకలాడాయి. దారిలో సినావ్ అనే ఊళ్ళో పరోటా, గుడ్డు, చాయ్ దొరికాయి. ఆ తర్వాత అంతా ఇసుకే.

పక్కసీటులో రాజన్న. జగిత్యాల వైపు మనిషి, నేను వెళ్ళే సైట్‌లోనే ఇనుప సలాకలు కట్టే పని. పన్ను పీకించుకోవడానికి మస్కట్ వచ్చి, తిరిగి డ్యూటీకి పోతున్నాడు. నా పనేమిటో చెబితే నవ్వలేదు పాపం, వాచిన బుగ్గ పట్టుకుని ఆలోచించాడు.

"చైనోళ్లు మంచోళ్లే సార్. గాని, గేటు పాసు గూడ వాళ్ల యాప్‌లనే వస్తది" అన్నాడు.

మూడు దాటాక దిగాం. అతను చెప్పిందే నిజం. ఆ చైనా యాప్‌లో చేరితే తప్ప గేటు దాటనివ్వరు; చేరాలంటే అందులో అప్పటికే ఉన్నవాళ్ళెవరైనా మనకు హామీ ఉండాలి. రాజన్న తన ఫోను తీసి నాకు హామీ ఉన్నాడు. పోటీ కంపెనీలో నా చేత్తోనే నా పేరు నమోదు చేసుకుని లోపలికి నడిచాను. ఖర్మ!

ఇంజనీరు లీ గారు ఆ ఎండలో నాకు వేడినీళ్ళిచ్చి కూర్చోబెట్టారు. నా ఉపన్యాసమంతా ఓపిగ్గా విని, సైట్‌లో నేర్చిన హిందీలో, చైనాలో వాళ్ళమ్మ ఊళ్ళో మా యాప్ తెరుచుకుంటుందా అని అడిగారు. ఇంకా లేదు, ప్రయత్నిస్తున్నామన్నాను. ఆయన తన ఫోను చూపించారు. వీడియో కాల్‌లో వాళ్ళమ్మ, వంటింట్లో ఆకుకూర తరుగుతూ ఒక ముసలావిడ, సగం ముఖమే కనబడుతోంది.

"మరి మీ యాప్‌లో నేనెవరితో మాట్లాడాలి?" అన్నారు.

ఎగతాళి లేదు, నిజంగానే అడిగారు. నాకు సిగ్గేసింది. ఉద్యోగం పోతుందన్న భయం గుండెల్లో ఉన్నా, ఇంకా బతిమాలడానికి నోరు రాలేదు. దండం పెట్టి లేచాను.

ఆ రాత్రి రాజన్న రూమ్‌లో పచ్చిపులుసు, అన్నం. పన్ను లేని బాధలోనూ నాకు మారు వడ్డించాడు.

మర్నాడు తిరుగు బస్సు. దుక్మ్‌లో సముద్రం బాగుంటుంది, చూడదగ్గదే. చైనాకు దారి మాత్రం అటుగా లేదు. గేటు పాసుతోపాటు నన్ను సైట్ గ్రూపులో కూడా కలిపినట్టున్నారు, ఎవరు ఏ డ్యూటీకి రావాలో చెబుతూ నా ఫోను దారి పొడుగునా మోగుతూనే ఉంది. మధ్యలో మేనేజరు ఫోను. ఎవరైనా చేరారా అని అడిగాడు.

"ఒకరు చేరారు సార్."

ఆయన పొంగిపోయాడు. పెద్దాఫీసుకు రాయాలి, పేరు చెప్పమన్నాడు.

"నా పేరే రాయండి. వాళ్ళ దాంట్లో నేను చేరాను."

ఉద్యోగం పోయిందని తెలుస్తూనే ఉంది, అయినా నవ్వు ఆగలేదు.